ఎద్దు మేత తిన్న గుర్రం

పెదకాకాని చుట్టుపక్కల ఎద్దుల్ని మేపడంలో జక్రయ్యని మించినవాడు లేడు. అతని ఆసామి చెంచురామయ్య గారి ఎడ్లజత బండలాగుడు పందెం గెలిచిందంటే అది జక్రయ్య చేతి చలవే. దండలు మాత్రం ఆయన మెడలో పడేవి.

ఎనభై మూడులో మిర్చి బాగా పలికేసరికి చెంచురామయ్య కంటికి ఎద్దులు ఆనలేదు. హైదరాబాదు మలక్‌పేట పందేలకని ఒక ఆడగుర్రాన్ని కొని, 'గుంటూరు క్వీన్' అని ఘనంగా పేరు పెట్టాడు. దాన్ని చూసుకోడానికి జక్రయ్యని పంపాడు. జక్రయ్యకి ఆ పేరు నోరు తిరగలేదు, చిట్టీ అన్నాడు. మొదట్లో కరిచింది, తన్నింది. తర్వాత అతను పట్టందే నీళ్లు కూడా ముట్టేది కాదు. "నాకంటే నీకదే ఎక్కువ" అని ఇంటికొచ్చినప్పుడల్లా పెళ్లాం ఎలీసమ్మ సాధించేది.

మొదటి ఏడు చిట్టి ఎప్పుడూ వెనకే. రెండో ఏడు వరసగా గెలిచింది. అంతలో ముందుకాలు వాచింది. దాన్ని పందేలకి తయారుచేసే రసూల్, ఊరికి తీసుకుపొమ్మన్నాడు.

"కొన్నాళ్లు పని చెప్పకు, మళ్లా ఉరుకుతది. ఎద్దు లెక్క మాత్రం మేపకు జక్రయ్యా. సన్నగుంటేనే గుర్రం."

అది మళ్లీ పరిగెత్తాలి. జక్రయ్యకి అంతకుమించి కోరిక లేదు.

గుర్రం ఊళ్లో దిగగానే జనం విరగబడ్డారు. చెంచురామయ్య బావమరిది బుల్లయ్య దాని చుట్టూ తిరిగి, "ఏం బావా, మీ ఇంట్లో గడ్డి కరువా? డొక్కలు బయటికొచ్చాయే!" అని పకపకా నవ్వాడు. పశువు ఒంటిని చూసి ఇంటికి విలువకట్టే ఊరది. చెంచురామయ్యకి తల కొట్టేసినట్టయింది.

"ఒరేయ్, రేపట్నుంచి దీనికీ ఎద్దుల మేతే. పత్తిగింజలు, ఉలవలు, బెల్లం, అన్నీ పెట్టు."

"వద్దండి అయ్యగారూ. రసూల్ గారు మరీమరీ చెప్పారండి."

"పట్నంలో నాలుగురోజులుండి నాకే పాఠాలు చెప్తున్నావంట్రా? పెట్టమంటే పెట్టు!"

పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? తనూ ఎలీసమ్మా బతికేది ఆ ఇంటి పనిమీదే. పిర్రలు నిండి ఒళ్లు నిగనిగలాడుతుంటే అతని పాడుకళ్లు మురిశాయి కూడా. చెంచురామయ్య వచ్చినవాళ్లందరికీ చూపించి మీసం మెలేశాడు.

ఒకరోజు పొద్దున చిట్టి లేవలేదు. గిట్టలు కాలిపోతున్నాయి. బ్రాడీపేట నుంచి వచ్చిన పశువుల డాక్టరు, "తిండి ఎక్కువై గిట్టలు చెడిపోయాయి. ఇంక ఇది పరిగెత్తదు" అన్నాడు.

"వీడి చేతికిచ్చాను చూడండి, నాదీ బుద్ధితక్కువ! మేపి మేపి బంగారంలాంటి గుర్రాన్ని పాడుచేశాడు" అన్నాడు చెంచురామయ్య నలుగురిలో. బుల్లయ్య అయ్యో అని నాలుక చప్పరించాడు. జక్రయ్య వంగి దాని గిట్టలకి తడిగుడ్డ చుట్టాడు.

కుంటి గుర్రాన్ని మేపడం దండగని కబేళాకి పశువుల్ని తోలే బేరగాడికి అమ్మేశారు. బేరగాడు పగ్గం పట్టి లారీ వైపు లాగాడు, కర్రతో బాదాడు. చిట్టి అడుగు కదపలేదు.

"ఏరా జక్రయ్యా, చూస్తావేం? నువ్వు పిలువు" అన్నాడు చెంచురామయ్య.

జక్రయ్య లారీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. "రావే చిట్టీ" అన్నాడు.

ఆ గిట్టలు నేలకి ఆన్చిన ప్రతిసారీ ఒళ్లంతా వణికింది. మూలిగింది. అయినా వచ్చింది, పిలిచింది అతను కదా.