పెట్టిన చెయ్యే ఎత్తాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ వీధంతా చాటేది. అబద్ధమేం కాదు. బళ్ళారి ఏరోడ్రోంలో నేను పనికి కుదిరినప్పుడు, "వీడు ఇంగ విమానంతో గూడా తగువు పెట్టుకుంటాడు" అని నవ్వింది.

మా పని గొప్పదేం కాదు. వారంలో కొన్ని రోజులు డకోటా విమానం ఒకటి వచ్చేది. అది దిగకముందే రన్‌వే మీది మేకల్ని తోలాలి. దిగాక తలుపుకు నిచ్చెన ఆనించాలి. పెట్టెల్ని కాటా మీద తూచి, తోపుడు బండిలో లాగాలి. ఐదుగురం ఉండేవాళ్ళం. అందరికంటే పెద్దాయన్ని మామా అని పిలిచేవాళ్ళం. బళ్ళారి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, అయినా ఆ పనంటే మాకు ప్రాణం. ఆ పనిని నమ్ముకునే పెళ్ళిళ్ళు చేసుకున్నాం, పిల్లల్ని కన్నాం.

బళ్ళారి ఆంధ్రలో పడుతుందా, మైసూరులో పడుతుందా అని బజారంతా కొట్లాడుకుంటున్న రోజులవి. మా కొట్లాట వేరు. విమాన కంపెనీలన్నీ సర్కారు చేతికి పోతాయని మాట పుట్టింది. ఆలోగా పనివాళ్ళను వదిలించుకుంటే మేలని మా కంపెనీ పెద్దలకు తోచింది. మమ్మల్ని తీసేసి, ఆ పని ఒక మేస్త్రీకి కాంట్రాక్టు ఇస్తారట. మేస్త్రీ మనుషులైతే కంపెనీ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా. మద్రాసులో విమానాల పనివాళ్ళు అప్పటికే సంఘం పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ మనిషి ఒకాయన రైలు దిగి, స్టేషను ముందరి హోటల్లో మాతో కూర్చున్నాడు. "ఒక్కొక్కరుగా ఉంటే ఊడ్చేస్తారు" అన్నాడు. కాఫీ చల్లారకముందే ఐదుగురం చేరిపోయాం.

ఆ సంగతి మేనేజరు చెవిన పడింది. ఆయనది నెల్లూరు వైపు. చెడ్డవాడు కాదు గానీ, పైవాళ్ళంటే వణుకు. "సంఘమో, ఉద్యోగమో, ఒకటి తేల్చుకోండి. దసరా దాకా గడువు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మామ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, "మాకు రెండూ కావల్ల సార్" అన్నాడు నెమ్మదిగా.

మా వైపు ఆయుధపూజ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పనిముట్టును కడిగి, విభూతి పట్టెలు పెట్టి, బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టాక ఇక దాన్ని ముట్టకూడదు. మర్నాడు దశమి పొద్దున టెంకాయ కొట్టి, పూజకు పెట్టిన చెయ్యే దాన్ని మొదట ఎత్తాలి. వేరేవాళ్ళు ముందు ముట్టుకుంటే ఆ పనిముట్టు ఏడాదంతా వాళ్ళ మీద పగబట్టి ఉంటుందని నమ్మకం. రైతు నాగలికైనా, సండూరు గనుల లారీకైనా అదే పద్ధతి.

ఆ ఏడు కూడా నిచ్చెనకు, బండికి, కాటాకు మేమే పూజ చేశాం. మేనేజరు దగ్గరుండి హారతి కళ్ళకద్దుకున్నాడు. బొరుగులూ బెల్లమూ దోసిట్లో పోయించుకుని తింటూ, "రేపటినుంచి మీరు రావద్దు. మేస్త్రీ మనుషులు వస్తారు" అని చల్లగా చెప్పాడు. ఆ పండగ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

పొద్దున్నే ఐదుగురం పోయి కంచె బయట నిలబడ్డాం. మేస్త్రీ దేశనూరు వైపు నుంచి పిలుచుకొచ్చిన మనుషులు లోపల ఉన్నారు. "మా నోటికాడి కూడు లాక్కుంటాండారే, సిగ్గులేదా మీకు?" అని గొంతు చించుకున్నాను. వాళ్ళు తలెత్తలేదు. మేకల్ని తోలారు. డకోటా దిగింది, తలుపు తెరుచుకుంది. పని అక్కడే ఆగిపోయింది.

అందరూ నిచ్చెన చుట్టూ చేరారు గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. ఎత్తమని మేనేజరు కేకలు పెట్టాడు. వాళ్ళలో ఒక బక్కాయన చేతులు కట్టుకుని, "మేము ముట్టం స్వామీ. పూజకు పెట్టినోళ్లు ఎవురో వాళ్లే ఎత్తల్ల. మాకూ పిల్లాజెల్లా ఉండారు" అన్నాడు. మేస్త్రీ వాళ్ళను బండబూతులు తిట్టాడు. సరే నువ్వే ఎత్తు అని మేనేజరు అంటే, మేస్త్రీ కూడా వెనక్కి జరిగాడు. ఒట్టు, అది మేం పన్నిన పన్నాగం కాదు. మాకూ అప్పుడే బుర్రకెక్కింది. పూజ మాచేత చేయించి, ఎత్తడానికి వేరేవాళ్ళను పిలిచిన తెలివి మేనేజరుదే.

ప్రయాణికులు తలుపు దగ్గర నిలబడి విసుక్కుంటున్నారు. పైలట్ తొంగి చూశాడు. మేనేజరు చెమటలు కక్కుతూ కంచె దగ్గరికి వచ్చాడు.

"రండయ్యా, వచ్చి ఎత్తండి. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత వద్దు సార్" అన్నాడు మామ. "ఎవురమై ఎత్తల్ల? కంపెనీ పనోళ్లమై ఎత్తల్లా, దోవన పోయేటోళ్లమై ఎత్తల్లా? పైలట్ సారు గూడా వింటాండాడు. ఇప్పుడే చెప్పండి."

"కంపెనీ పనివాళ్ళే. రేపూ మీరే రండి."

"సంఘంతోనేనా?"

మేనేజరు విమానం వైపు చూశాడు, మా వైపు చూశాడు. "సంఘంతోనే. ముందు రండయ్యా" అన్నాడు.

నిచ్చెన ముందున్న టెంకాయను మామ కొట్టాడు. ఐదుగురం ఎత్తాం. సంతోషంలో నాకు దాని బరువే తెలియలేదు. పైవాళ్ళకు ఏం సర్దిచెప్పుకున్నాడో గానీ, మేనేజరు తర్వాత మాట తప్పలేదు.

విమానం పోయాక ఆ బక్కాయన నా దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ మమ్మల్ని ఈడనే ఇడిసిపెట్టి పోయినాడప్పా. ఊర్లో కూలి మానుకోని వచ్చినాం. మీకు సంఘం ఉండాది. మాకేముండాది? మమ్మల్నీ చేర్చుకుంటారా?" అని అడిగాడు. ఆయన గనక ఆ నిచ్చెన మీద చెయ్యి వేసుంటే, ఆ పొద్దుతో మా బతుకులు వీధిన పడేవి.

మద్రాసాయన మళ్ళీ వచ్చినప్పుడు అదే హోటల్లో కూర్చున్నాం. నేను లేచి, మేస్త్రీల కింద పనిచేసేవాళ్ళను కూడా సంఘంలో చేర్చుకోవాలన్నాను. "మన కడుపు మీద కొట్టనీకి వచ్చినోళ్లను నెత్తిన పెట్టుకుంటావేందిరా?" అని మావాళ్ళే నా మీదికి లేచారు. మామ కూడా, "మనది మనకు దక్కింది, సాలు. కూర్చోరా" అన్నాడు.

"వాళ్లు ఎత్తింటే నువ్వు ఈడ కూర్చోనుండేటోడివా మామా?" అన్నాను.

మిగిలినవాళ్ళు కూర్చో, కూర్చో అని అరుస్తూనే ఉన్నారు. నేను కూర్చోలేదు.