మా మామ కారు ఘాట్ ఎక్కిన నాడు

మా మామ పోయారన్న కబురు, మా ఆయన పంతులుగా ఉన్న ఊరికి కరీంనగర్ నుంచి వచ్చే పొద్దుటి బస్సులో వచ్చింది. డ్రైవరు బస్సు నిలిపి, మా గుమ్మం దాకా నడిచి వచ్చాడు. ఒకప్పుడు మామ దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడే. "అక్కా, మున్షీ సాబ్ పోయిండు. తెల్లారంగ. బాధ పడలే, నిద్రల్నే పోయిండు" అని చెప్పాడు.

నేను పొయ్యి మీది పప్పు దించాను. నిప్పులు ఆర్పాను. పాలగిన్నె మీద మూత పెట్టాను. పిల్లల అన్నం సంగతి పక్కింటి ఆమెకు చెప్పాను. ఒక పని అయ్యాకే ఇంకోటి. తలుపుకు తాళం వేస్తుంటే తోచింది, ఇట్లా చేయడం నాకు నేర్పింది ఆయనే కదా అని. అప్పుడు వచ్చింది ఏడుపు.

మామ అంటే మా ఆయన తండ్రి. జాగీరు కచేరీలో మున్షీగా పని చేసినవారు. ఉర్దూలో ముత్యాల్లాంటి రాత. జాగీర్లు పోయినప్పుడు ఆ రాతతో పాటు కొలువూ పోయింది. తోటివాళ్లు సర్కారు దఫ్తర్ల చుట్టూ తిరుగుతుంటే, ఈయన ఒక పాత దొరగారి కొట్టంలో కోళ్లు గుడ్లు పెడుతున్న కారును చూసి వచ్చారు. అత్తమ్మ మెడలోని గొలుసు, ఆయన పట్టుదల కలిసి ఆ కారును మా వాకిట్లోకి తెచ్చాయి. దాన్ని కిరాయికి నడపడం మొదలుపెట్టారు. పెళ్లిళ్లకు, దవాఖానకు, కోర్టుకు, మంథని పుష్కర స్నానాలకు. మంథని నుంచి నేను కాపురానికి వచ్చింది కూడా ఆ కారులోనే. సీటు కింద నుంచి కోడి ఈక ఒకటి ఎగిరి నా పట్టుచీర మీద వాలింది.

మా అత్తగారింట్లో కోడలు మామ ముందుకు రాకూడదు. నేరుగా మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా నడుమ అత్తమ్మ ఉండాలి. ఆయన రెండడుగుల దూరంలో కూర్చున్నా, "అత్తమ్మా, చాయ్ అయిందని మామకు చెప్పు" అనాలి. ఆయనకు వినబడ్డా, అత్తమ్మ చెప్పే దాకా వినబడనట్టే ఉండాలి. ఈ పద్ధతి మాకెవరికీ వింతగా తోచేది కాదు. చాయ్ మాత్రం చల్లారేది.

కారు పాడైందని ఎవరైనా అంటే మామ ఒప్పుకునేవారు కాదు. "పాడైందనకు. అదేం చేస్తున్నదో చెప్పు" అనేవారు. ఒక ఎండాకాలం మంథని తోవలో రేడియేటరు కింది గొట్టం పగిలింది. కొత్త గొట్టం హైదరాబాదులో తప్ప దొరకదు. మామ లారీ చక్రపు ట్యూబు ముక్క కోసి, గొట్టంలా చుట్టి, అతికి, రెండు కొసలా తీగతో బిగించారు. చుక్క కారలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనూ బానెట్ దగ్గరికి పిలిచి, "చేయి పెట్టి చూడు, తడి తగుల్తదా?" అని అడిగేవారు. పాలవాడు కూడా చేయి పెట్టి చూశాడు.

ఆ వానాకాలం పోయాక కారులో నీళ్లు మసలడం మొదలైంది. ఊళ్లో తిరిగితే ఏమీ లేదు. దూరం పోయినా, ఎత్తైన చడావు ఎక్కినా రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుసకొట్టేది. నిర్మల్ దాటాక ఆదిలాబాద్ తోవలో ఘాట్ ఉంది. దాని నడుమ వాగు మీద ఒక మోరీ. ఎంత జాగ్రత్తగా నడిపినా కారు ఆ మోరీ దగ్గర ఆగేది. అక్కడ ఎడ్లకు నీళ్లు పట్టే పత్తి బండ్లవాళ్లకు మా కారు బాగా పరిచయం.

సరిగ్గా అప్పుడే ఆదిలాబాద్ పత్తి సేటు ఒకరు కబురు పెట్టారు. తనను కరీంనగర్ నుంచి ఆగకుండా ఘాట్ ఎక్కిస్తే, ఆ పత్తికాలం అంతా మా కారే మాట్లాడుకుంటానని. ఆగితే వేరే కారు చూసుకుంటానని. మా ఆయన ఇంకా పంతుళ్ల ట్రైనింగులో ఉన్నారు. ఇంటికి కారు తప్ప ఆధారం లేదు. అత్తమ్మ తేల్చి చెప్పింది.

"ఈ బేరం తప్పితే పాత ఇనుమోనికి ఇచ్చెయ్యాలె. మా తల్లిగారింటి కచ్చడం బండి నయం. ఎడ్లు అలుస్తయి గని మసులయ్."

"సరే" అన్నారు మామ. అంత తొందరగా ఆయన దేనికీ ఒప్పుకోవడం నేను చూడలేదు. ఆ రాత్రి అన్నం సగంలో లేచారు.

మరునాటి నుంచి వాకిలి దవాఖాన అయింది. మొదట రేడియేటరు ముఖం చూశారు. పత్తి బండ్ల వెనక తిరిగి తిరిగి సన్నటి రేకుల సందుల్లో దూది, దుమ్ము కలిసి గొంగడిలా పట్టింది. వెనక వైపు నుంచి నీళ్లు కొట్టి అదంతా రాల్చారు. జగిత్యాల దాకా పోయి వచ్చారు. మసిలింది. తర్వాత ఫ్యాన్ బెల్టు బిగించారు. మళ్లీ జగిత్యాల. మళ్లీ మసిలింది. బావి నీళ్ల సున్నం లోపల పేరుకుందేమోనని, ఇత్తడి సామాన్లు తోమే పద్ధతిలో చింతపండు పులుసు పోసి కడిగారు. గోధుమరంగు నీళ్లు వాకిలంతా పారాయి. అత్తమ్మ ఖాళీ చింతపండు కుండ చూసి నెత్తి కొట్టుకున్నది.

"అన్ని ఒక్కపారే చెయ్యరాదా. పీడ పోతది."

"అన్ని ఒక్కపారే చేస్తె, ఏది మంచిగ చేసిందో ఎట్ల ఎరుకైతది?" అన్నారు మామ. "ఒక్కటి మార్చాలె. చూడాలె. ఇంకోటి మార్చాలె."

పులుసు తర్వాత కూడా మసిలింది. ఇక మామ తన పాత స్నేహితుడైన ఉస్తాద్‌ను పిలిచారు. కరీంనగర్‌లో లారీలు బాగుచేసే ఆయన. చెవి ఆనించి ఇంజను మాట వింటాడని పేరు.

ఆ పూట నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. మామ లోపల కూర్చుని యాక్సిలేటరు తొక్కుతున్నారు, వదులుతున్నారు. ఉస్తాద్ గేటు వైపు నిలబడి వింటున్నాడు. అవి బానెట్‌కు రెండు రెక్కలుండే కార్లు. వంటింటి వైపు రెక్క కూడా లేపి ఉంది. నేను వంటింటి దర్వాజ చాటున బియ్యం చెరుగుతున్నాను. పక్కనే అత్తమ్మ.

"పంపు మంచిగనే ఉన్నది, మున్షీ సాబ్" అన్నాడు ఉస్తాద్. "ఇగ ఇంజన్ మీది భాగం విప్పుడే. పగులు ఉంటె మాత్రం కారు ధర కంటె మరమ్మత్తు ధర ఎక్కువైతది."

మామ ఊరికే మళ్లీ తొక్కారు. ఇంజను మోత పెరిగింది. అప్పుడు చూశాను. కింది గొట్టం నడుము, రసం పీల్చిన మామిడి తొక్కలా లోపలికి అతుక్కుపోయింది. మోత తగ్గింది, గొట్టం గుండ్రంగా ఉబ్బింది. చాట ఆపి మళ్లీ చూశాను. మళ్లీ అంతే.

"అత్తమ్మా, మామకు చెప్పు. గా కింది గొట్టం అంటుకపోతున్నది."

"మీ కోడలు ఏమో చెప్తున్నది. గొట్టం అంటుకపోతున్నదట."

"ఏ గొట్టమో అడుగు" అన్నారు మామ, తల తిప్పకుండా.

"కింది గొట్టం, అత్తమ్మా. మామ కట్టిండు కద, రబ్బరుది."

"మీరు కట్టిందేనట" అన్నది అత్తమ్మ. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

"దాంట్ల నుంచి చుక్క కారది. కారుతున్నదా అడుగు."

"కారుతలేదు, అత్తమ్మా. మోత పెరిగినప్పుడే అంటుకపోతున్నది."

మామ ఇంజను ఆపి, దిగి వచ్చి వంగి చూశారు. గొట్టం నిండుగా, గుండ్రంగా ఉంది. "మంచిగనే ఉన్నది కద" అన్నారు గొట్టంతోనే.

"ఆపినంక మంచిగనే ఉంటది. తొక్కుకుంట చూడాలె అని చెప్పు, అత్తమ్మా."

అత్తమ్మ తన చాట నేల మీద పెట్టేసింది. "నాతోని కాదు. మాటలు చేరవెయ్యనీకి నేనేమన్న తార్ ఆఫీసునా? మీరు మీరే మాట్లాడుకోండ్రి."

మామ చేతులు తుడుచుకున్నారు. తర్వాత దర్వాజ వైపు తిరిగి, పెళ్లయి వచ్చాక మొదటిసారి నాతో మాట్లాడారు.

"బిడ్డా, ఇట్ల రా. ఉస్తాద్ తొక్కుతడు. నువ్వు నా పక్కన నిలబడి ఎక్కడ చూడాలెనో వేలు పెట్టి చూపెట్టు."

కొంగు సర్దుకుని వెళ్లాను. ఉస్తాద్ తొక్కాడు. నా వేలి కింద గొట్టం అతుక్కుపోయింది. వదిలాడు, ఉబ్బింది. మామ మళ్లీ తొక్కమన్నారు. మళ్లీ అతుక్కుంది. ఆయన నడుము నిటారు చేసి గట్టిగా నవ్వారు. వారాల తర్వాత వినబడిన నవ్వు.

"ఉస్తాద్, దేవుడు చేసింది చూసిన. కంపెనీవాడు చేసింది చూసిన. నేను చేసింది ఒక్కటి చూడలే."

"చుక్క కారకపాయె, సాబ్. కారని జాగల ఎవడు చూస్తడు? నేను చూసిన్నా?" అన్నాడు ఉస్తాద్, తనూ నవ్వుతూ.

ఆ తర్వాత మామ నాకు నేరుగా, ఓపికగా చెప్పారు. రేడియేటరులో చల్లబడిన నీళ్లను పంపు ఆ కింది గొట్టంలో నుంచి ఇంజనులోకి లాగుతుంది. కారు జోరుగా పోతే పంపు జోరుగా లాగుతుంది. ట్యూబు రబ్బరు మొదట్లో గట్టిగానే ఉండింది. వేడికి, నూనె తుంపరలకు మెత్తబడింది. నీళ్లు ఎక్కువ కావలసినప్పుడే దాని గొంతు మూసుకుపోతోంది. కారు నిలిపి చూసేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటోంది.

ఉస్తాద్ మా కవ్వం కర్రకు గట్టి తీగ చుట్టి, ఆ చుట్టను బయటికి లాగి గొట్టం లోపల దూర్చాడు. ఇక గొట్టం అతుక్కోలేదు. అత్తమ్మ వంగి చూసి, "గాజులు తొడిగిండ్రా దానికి" అన్నది. జగిత్యాల పోయి వచ్చారు. మసలలేదు. మామ అయినా సంబరపడలేదు. "జగిత్యాల ఘాట్ కాదు" అన్నారు.

సేటును తీసుకుపోయే రోజు అత్తమ్మ నీళ్ల బిందె ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నది. "నా గొలుసు ఘాట్ ఎక్కుతదో లేదో నేనే చూస్త" అన్నది. మామ నన్నూ ఎక్కమన్నారు. సేటు ఆడవాళ్లను, బిందెను చూసి, "మున్షీజీ, బారాత్ పోతున్నదా?" అని నవ్వి ముందు సీట్లో కూర్చున్నారు.

నిర్మల్ దాటింది. టేకు చెట్లు మొదలయ్యాయి. చడావు మొదలైంది. సేటు నోట్లో పాన్ నమలడం ఆపారు. మామ చూపు తోవకూ, రేడియేటరు మూతకూ మధ్య తిరుగుతోంది. మలుపు తర్వాత మలుపు. మోరీ కనబడింది. అక్కడ బండ్లవాళ్లు మా కారును చూసి, అలవాటు ప్రకారం నీళ్ల కుండ పట్టుకుని లేచి నిలబడ్డారు.

మామ ఆపలేదు. కారు వాళ్ల ముందు నుంచి సాగిపోయింది. వెనక నుంచి ఒకడి గొంతు, "ఆగలేదేందిరో గియ్యాల" అన్నది. అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "గాజులు తొడిగినం" అని అరిచింది. వాళ్లకు ఏం అర్థమైందో తెలియదు. మామ భుజాలు మాత్రం నవ్వుకు కదిలాయి.

ఆ పత్తికాలం, దాని తర్వాతిది కూడా, సేటు మా కారే మాట్లాడుకున్నారు. కొన్నాళ్లకు అత్తమ్మ మెడలోకి గొలుసు తిరిగి వచ్చింది. మా ఇంట్లో ఆ చాటుమాటల పద్ధతి మాత్రం తిరిగి రాలేదు. చాయ్ అయిందని నేనే చెప్పేదాన్ని, ఆయన వేడిగా తాగేవారు. ఏ బండి ఏ రోగంతో వచ్చినా, "బిడ్డా, జర ఇటొచ్చి చూడు. ఏం అనుకుంటున్నవో వద్దు, ఏం కనబడ్తున్నదో చెప్పు" అని పిలిచేవారు. నా సంసారం ఆ మాట మీదే నడుస్తోంది. పప్పు ఉడకకపోతే పప్పునూ నీళ్లనూ ఒకేసారి మార్చను. అన్నింటికన్నా ముందు నా చేతిపని చూసుకుంటాను.

కబురు విన్న రోజు, కరీంనగర్‌లో దహనం అయి, స్నానాలు అయ్యాక, అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "పొద్దటి నుంచి ఏం ముట్టలే నువ్వు. ముందు నీళ్లు తాగు" అంటూ చెంబు అందించింది. ఆ నీళ్లు ముంచింది ఘాట్ నాటి ఆ బిందెలో నుంచే. దాని అంచు మీద సొట్ట నాకు తెలుసు. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మోరీ దాటిన ఆ రోజు, ఘాట్ పైన చదును నేల మీద మామ కారు నిలిపారు, ఆగిపోయి కాదు, ఆపాలనిపించి. దిగి బానెట్ రెక్క లేపారు. ఆవిరి లేదు. గాలికి టేకాకులు గలగలమంటున్నాయి. వెనక సీట్లో అత్తమ్మ, మోకాళ్ల మీద తడిసిన చీరతో, ఇంకా దాదాపు నిండుగా ఉన్న బిందె పట్టుకుని కూర్చున్నది.

"ఇగ ఈ నీళ్లేం చెయ్యాలె?"

"తాగుదాం" అన్నారు మామ. "ముందు కోడలుకు పొయ్యి."

దోసిలి పట్టాను. ఇంజను కోసం మోసుకొచ్చిన ఆ నీళ్లు చల్లగా, మా బావి రుచితో ఉన్నాయి. నా తర్వాత సేటు తాగారు, అత్తమ్మ తాగింది. చివర మామ తల వెనక్కి వంచి, బిందె ఎత్తి, గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతున్నా పట్టించుకోకుండా తాగుతూనే ఉన్నారు.