చీరల కొట్లో గాలి కనిపించిన రోజు

బెంజ్ సర్కిల్ దగ్గర మొదటి అంతస్తులో మాకు చీరల కొట్టుంది. మంగళగిరిలో మా అత్తగారి వాళ్లు నేయించే చీరలే ఎక్కువగా అమ్ముతాం. ఏసీ చల్లదనం పోకూడదని, దుమ్ము పడకూడదని కిటికీలన్నీ ప్లైవుడ్‌తో మూయించి, వాటి మీద అద్దాలు బిగించారు మావారు.

ఆ పెళ్లిళ్ల సీజన్‌లో చీరలు చూపించే అమ్మాయికి దగ్గు మొదలైంది. సెలవు పెట్టమంటే, "ఇంత రద్దీలో ఎలాగండీ, మామూలు జలుబేగా" అంది. నేను శానిటైజర్ సీసా పట్టుకుని కౌంటరు, తలుపు పిడి, కార్డు మిషను తుడిచిందే తుడవడం. అయినా వారం తిరక్కుండా కొట్లో పనిచేసేవాళ్లు ఒకరి వెనక ఒకరు పడకేశారు. చివరికి గుమాస్తాగారికీ జ్వరం వచ్చింది. ఆయన హాలుకి ఆ చివర తన బల్ల వదిలి కదలరు. ఒకరి పెన్ను కూడా ముట్టరు. ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లలేదు. మరెలా వచ్చింది?

డాక్టరైన మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"తుడవడం మంచిదే అక్కా, చేతులూ కడుక్కోండి. కానీ దగ్గినా మాట్లాడినా కంటికి కనపడనంత సన్నటి తుంపర్లు గాల్లో తేలుతుంటాయి. కిటికీలన్నీ మూసేస్తే అవి ఎటు పోతాయి?"

"ఏసీ ఉందిగా?"

"అది లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుందక్కా!"

మర్నాడు పొద్దున దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తూ ఆగిపోయాను. గాలి కనపడదు సరే, పొగ కనపడుతుంది కదా! గుప్పెడు అగరుబత్తులు వెలిగించి ఆ అమ్మాయి నిలబడే చోట పెట్టి ఏసీ వేశాను. పొగ పైకి లేచి, ఏసీ గాలికి వంగి, సీలింగ్ వెంట పాకుతూ వెళ్లి గుమాస్తాగారి బల్ల మీదికి దిగింది. అక్కడే మసగ్గా నిలిచిపోయింది.

"ఏమండీ, త్వరగా రండి!"

మావారు పరిగెత్తుకొచ్చారు. "కొట్టు తగలబెడతావా ఏంటే!"

"పొగని కాదండీ, గాలిని చూడండి. మనం రోజూ పీల్చే గాలి!"

ఆయన తల పైకెత్తి పొగ వెళ్లిన దారిని బల్ల దాకా చూసుకుంటూ వెళ్లారు. జ్వరం తగ్గి ఆ రోజే వచ్చిన గుమాస్తాగారు తన బల్ల వైపు చూసి, "అమ్మా, నాకు ఇలా అంటుకుందన్నమాట!" అన్నారు.

మధ్యాహ్నానికల్లా వడ్రంగిని పిలిపించాం. రోడ్డు వైపు కిటికీ తెరిపించి, ఎదురుగోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. మళ్లీ అగరుబత్తులు వెలిగించాను. పొగ ఒక్కసారి వణికి, దారి మార్చుకుని, ఫ్యాను వైపు బారులు తీరింది. "పోతోంది, పోతోంది!" అని అందరం చప్పట్లు కొట్టాం. చీర చూస్తున్న ఒకావిడ కూడా లేచి వచ్చి చప్పట్లు కొట్టింది!

వానాకాలంలో మావారికే దగ్గు పట్టుకుంది. మారుమాట్లాడకుండా మాస్కు పెట్టుకుని ఇంట్లోనే ఉన్నారు. కొట్లో ఒక్కరికి మాత్రం జలుబు చేసింది, మిగతావాళ్లు బాగానే తిరిగారు. అది ఫ్యాను చలవో, మా అదృష్టమో నేను చెప్పలేను. ఇప్పుడు మాత్రం తెరిచిన కిటికీలోంచి వచ్చే హారన్ల మోతలో కాస్త గట్టిగా అరిచి చీరల ధర చెబుతున్నాం.