స్తంభాల మధ్య ఖాళీ

మేస్త్రికి ఖాళీ జాగా కనిపిస్తే చేతులు ఊరుకోవు. బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందుంటే అందులో ఒక అర కట్టేస్తాడు. మెట్ల కింద కాస్త చోటుంటే గూడు లేపుతాడు. "ఈయన్ని మైదానంలో నిలబెట్టినా దానికో గోడ కట్టి గానీ ఇంటికి రాడు" అని భార్య వేళాకోళం చేసేది. మనిషి మాత్రం బంగారం. అడిగినవాళ్ళని కాదనడం ఆయనకి ఈ జన్మకి రాదు. అదేం మొహమాటమో గానీ, ఎవరైనా "మేస్త్రీ, కాస్త..." అని మొదలుపెడితే చాలు, ఆ కాస్త ఏమిటో వినకముందే తలూపేసేవాడు. ఆ తలూపుడే చివరికి అందరి పీకల మీదికీ తెచ్చింది.

ఆయనుండేది నగరంలో బాగా పల్లపు చోట, కాలవ పక్కన కట్టిన నాలుగంతస్తుల భవనంలో. అంతకుముందు అక్కడ రేకుల ఇళ్ళుండేవి. నాలుగు చినుకులు పడితే జనం మంచాలు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కేవాళ్ళు. ఆ బాధ తీర్చడానికే ఒకావిడ ఈ భవనం గీసింది. ఊరికే ఆఫీసులో కూర్చుని గీయలేదు. వానాకాలమంతా చెప్పులు చేతబట్టుకుని ఆ రేకుల ఇళ్ళ మధ్య తిరిగింది. ఎవరింట్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడల మీది మరకలు చూసి మరీ గీసింది. ఆవిడ పేరు ఎవరికి గుర్తుందని? అందరికీ డిజైనమ్మే.

డిజైనమ్మ కింది అంతస్తు మొత్తం ఖాళీగా వదిలేసింది. ఒట్టి స్తంభాలే. నడిమధ్యన చుట్టూ మెట్లున్న పెద్ద గుంట ఒకటి. వాన పడినప్పుడు వీధుల్లోని నీళ్ళు స్తంభాల మధ్యనుంచి వచ్చి ఆ గుంటలో ఆగి, నిదానంగా వెనక కాలవలోకి పోవాలి. ఎండాకాలం అదే దారిన గాలి దూరి పై ఇళ్ళని చల్లబరచాలి. వానలేని రోజుల్లో పిల్లలు గుంటలో ఆడుకుంటారు, పెద్దవాళ్ళు మెట్ల మీద కూర్చుంటారు. తాళాలిచ్చిన రోజు ఆవిడ, "ఈ ఖాళీని కూడా మీ ఇంట్లో ఒక గదే అనుకోండి. దయచేసి దీన్ని ఖాళీగానే ఉంచండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సగం మంది వినకుండానే కొట్టారు.

మేస్త్రికి ఇల్లొచ్చింది పై అంతస్తులో. లిఫ్టు లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఇంట్లో మేస్త్రి, భార్యతోబాటు అక్క ఉంది. అమ్మానాన్నలు పోయాక ఆవిడే తమ్ముణ్ణి పెంచింది. ఎవరెవరి మేడల మెట్లో ఎక్కుతూ దిగుతూ సిమెంటు మోసి, వాడికి అన్నం పెట్టి, పని నేర్పించింది. ఆ మోతలకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఊరందరి మేడలూ ఎక్కిన మనిషి ఇప్పుడు సొంత ఇంటి మెట్లు దిగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాలి. మిగతా రోజులన్నీ కిటికీ దగ్గరే.

"కింద పిల్లలు ఆడుకుంటున్నట్టున్నారే" అనేది, చప్పుడు విని. అంతకు మించి అడిగేది కాదు. ఆ అడక్కపోవడమే మేస్త్రి గుండెల్లో గుచ్చుకునేది.

ఒక ఆదివారం ఇటుకలు దించాడు. కింద రెండు స్తంభాల మధ్య అక్క కోసం గది మొదలైంది. దొంగల భయం లేకుండా కిటికీకి లావుపాటి ఊచలు బిగించాడు. మాలులో సిమెంటు ఎక్కడా తగ్గించలేదు. అక్క గది కదా మరి! గది చిన్నది, తలుపు లోపలికి తెరిస్తే మంచానికి తగులుతోంది. అందుకని బయటికి తెరుచుకునేలా బిగించాడు. ఆవిణ్ణి కిందికి దించి మంచం మీద కూర్చోబెట్టిన రోజు ఆవిడ ముఖం చూడాలి! గుమ్మం ముందునుంచి వెళ్ళే ప్రతివాళ్ళనీ పలకరించింది. "ఎవరమ్మాయివే నువ్వు? ఏం కొన్నావు? ఇలా రా, కాసేపు కూర్చో." సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

అది చూసి మిగతావాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. మొదటి అంతస్తులో ఉండే టైలరు వచ్చి, "మేస్త్రీ, మిషన్ పెట్టుకోడానికి కాస్త చోటు" అన్నాడు. ఆయన పక్కింట్లో రిటైరైన పంతులు పుస్తకాలకి గది కావాలన్నాడు. ఎదురింటివాళ్ళు స్కూటరుకి గోడ అడిగారు. అక్కకి కట్టుకుని పరాయివాళ్ళకి కట్టనంటే ఏం బాగుంటుంది? మేస్త్రి ఎవర్నీ కాదనలేదు. సున్నం పెళ్ళలూ ఇటుక ముక్కలూ పోగుపడితే ఎక్కడ పోయాలో తెలియక నడిమధ్య గుంటలో పోయించాడు. అది నిండాక పైన చదును చేసి గచ్చు వేశాడు. "ఇప్పుడు ఎంత శుభ్రంగా ఉందో!" అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఎండాకాలం పై ఇళ్ళు కుంపట్లయ్యాయి. ఈసారి ఎండలు మండిపోతున్నాయని ఎండని తిట్టుకున్నారే గానీ, కింద గాలి దారి మూసేశామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తొలకరి వాన మామూలుగానే పడింది. అయినా వీధిలో చీలమండల దాకా నీళ్ళు నిలిచి, మర్నాటిదాకా కదల్లేదు.

"ఏమండీ, వదిన గదిలో గోడ అడుగున తడి చూశారా?" అంది భార్య.

"కొత్త గోడ. ఆరుతుందిలే."

"ఆరట్లేదండీ. పైకి పాకుతోంది."

మేస్త్రి మాట దాటేశాడు. ఆయనకి మాత్రం కనిపించలేదా? చేత్తో తడిమి చూశాడు కూడా. చల్లగా, మెత్తగా తగిలింది. ఆ రోజునుంచి ఆ గోడ వైపు చూడటమే మానేశాడు.

కొన్నాళ్ళకి భవనం చూసిపోదామని డిజైనమ్మ వచ్చింది. కింద అడుగుపెట్టి, ఆ గదులన్నీ ఒక్కొక్కటే చూసింది. గచ్చు మీదికి వెళ్ళి నిలబడి, "ఇక్కడి గుంట ఏమైంది?" అని అడిగింది. జవాబు మేస్త్రి ముఖంలోనే కనిపించింది ఆవిడకి.

"మేస్త్రి గారూ, మీరు గదులు కట్టలేదు. నీళ్ళ దారికి అడ్డుకట్ట వేశారు. పెద్ద వాన వస్తే వచ్చిన నీళ్ళు పోయే దారి లేదు. ఇక్కడే లేస్తాయి."

మేస్త్రికి ఎన్నడూ రాని కోపం వచ్చింది. "నీళ్ళకి చోటు గీశారు, గాలికి చోటు గీశారు. బాగానే ఉందమ్మా. మోకాళ్ళు పోయిన మా అక్కకి ఎక్కడ గీశారు?"

ఆవిడ ముఖం వాడిపోయింది. "లిఫ్టు అడిగాను, కట్టించినవాళ్ళు ఇవ్వలేదు. అక్కడితో ఊరుకున్నాను. అది నా తప్పే" అంది. గచ్చు మీదే సుద్దతో గీసి చూపించింది. మొదటి అంతస్తు దాకా బయటినుంచి ఏటవాలు దారి వేయొచ్చు. ఆ అంతస్తులో ఎవరైనా మేస్త్రితో ఇల్లు మార్చుకుంటే చాలు, అక్క కర్ర పట్టుకుని తనంతట తనే దిగొచ్చు. నీళ్ళు అంత ఎత్తుకి రావు. "ఆ దారి వేయించే పూచీ నాది. ఇల్లు మాత్రం మీరే అడగాలి. ఈలోగా అక్కయ్య గారిని పైకి తీసుకెళ్ళండి. ఈ గోడలు తీయించండి. వానలు ముదరకముందే" అంది.

"అడుగుతానమ్మా" అన్నాడు మేస్త్రి. అడగలేదు. 'నీ ఇల్లు నాకియ్యి' అని టైలరు ముఖం మీద ఎలా అడగడం? రోజూ గుమ్మం దాకా వెళ్ళేవాడు, "టీ తాగుతావా మేస్త్రీ" అంటే తాగి వచ్చేసేవాడు. ఇక అక్కని మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి చేర్చడానికి నోరు ఎలా వస్తుంది? రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ రోజులు నెట్టాడు. ఎగువన వానలు పడుతున్నాయని జనం చెప్పుకుంటున్నారు. కాలవ రంగు మారింది.

ఆ వాన పట్టపగలే వచ్చింది. మేస్త్రి ఊరికి అవతల ఎత్తు మీద ఒక మేడకి పూత పూస్తున్నాడు. చూస్తుండగానే చీకట్లు కమ్మాయి. కుండపోత అంటారే, అదీ. ఆగుతుందని సజ్జా కింద నిలబడ్డాడు. ఆగలేదు. పల్లం వైపు తలతిప్పి చూస్తే వీధులు లేవు, తెల్లగా నీళ్ళు. చేతిలో తాపీ అక్కడే పడేసి, మూలనున్న గునపం అందుకుని పరుగెత్తాడు.

వచ్చేసరికి భవనం కింద నడుముల్లోతు నీళ్ళు. పై అంతస్తుల వరండాల నిండా జనం, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. భార్య అక్క గది తలుపు పట్టుకుని లాగుతోంది. "రావట్లేదండీ! ఎంత లాగినా రావట్లేదు!"

రాదు మరి. తలుపు బయటికి తెరుచుకోవాలి. బయటి నీళ్ళు దాన్ని లోపలికి అదిమి పట్టేశాయి. సందుల్లోంచి లోపలికీ ఎక్కుతున్నాయి. మేస్త్రి భుజం ఆనించాడు, కాలు తన్నిపెట్టి లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

కిటికీలోంచి చూశాడు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

"ఒరే, నువ్వు వెళ్ళిపోరా. మరదల్ని తీసుకుని పైకి పో" అంది.

"నోర్ముయ్యవే అక్కా!" అని గుండెలు పగిలేలా అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఒక్క మాట అనని మనిషి.

గునపంతో ఊచల చుట్టూ గోడ పొడవడం మొదలెట్టాడు. ఎంత గట్టి గోడండీ అది! ఊరందరికీ కట్టిన గోడల్లో ఎక్కడైనా ఒక పాలు సిమెంటు తగ్గించాడేమో గానీ, ఇక్కడ తగ్గించలేదు. పొడిచిన ప్రతిసారీ గోటంత పెచ్చు ఊడుతోంది. నీళ్ళు అక్క భుజాలెక్కాయి. గడ్డం తాకాయి. చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. "ఇంత గట్టిగా ఎందుకు కట్టాన్రా దేవుడా" అని ఏడుస్తూ పొడిచాడు. ఎట్టకేలకు ఊచల చట్రం ఊగింది. భార్యాభర్తలిద్దరూ వేలాడి దాన్ని ఊడబెరికారు. అక్కని ఆ కన్నంలోంచి బయటికి లాగేసరికి ఆవిడ ఒళ్ళు మంచుగడ్డలా ఉంది. ఊపిరి మాత్రం ఉంది.

నీళ్ళు చాలా రోజులు కదల్లేదు. ఎలా కదులుతాయి? గుంట లేదు, దారి లేదు. టైలరు మిషను తుప్పు పట్టింది, పంతులు పుస్తకాలు ముద్దయ్యాయి. మేస్త్రిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "కాలవ పొంగితే నువ్వేం చేస్తావు మేస్త్రీ" అన్నారు. నీళ్ళు తీశాక గదులు కడుక్కుని, సున్నం కొట్టుకుని మళ్ళీ సామాన్లు దించారు. ఆయన తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నాడు గానీ, ఈ ఓదార్పుకి సిద్ధంగా లేడు. లోలోపల ఏదో భయం పట్టుకుంది.

ఈసారి మొహమాటం చంపుకుని మొదటి అంతస్తులో అన్ని తలుపులూ తట్టాడు. "మా ఆవిడకి పైన ఉంటే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు టైలరు. పంతులు, "ఆలోచిద్దాం, ఆలోచిద్దాం" అంటూ గుమ్మం దాకా సాగనంపాడు. ఇంకో ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది, తలుపు తెరవలేదు. ఆ ఇళ్ళన్నిటికీ కింద ఆయన కట్టిన గోడలున్నాయి.

డిజైనమ్మ ఏటవాలు దారి బొమ్మ చేతబట్టుకుని వచ్చి, "ఇల్లు దొరికిందా?" అంది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "మళ్ళీ మాత్రం కట్టకండి. అప్పుడు మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు" అంది ఆవిడ. బొమ్మ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

పైన కిటికీ దగ్గర అక్క రోజురోజుకీ చిక్కిపోతోంది. పళ్ళెంలో అన్నం పళ్ళెంలోనే ఉంటోంది. ఒకనాడు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా గది ఎప్పుడు బాగుచేస్తావురా?"

"అక్కా, చచ్చేదానివి!"

"నిజమే, భయపడ్డాను. ఆ ఒక్క పూట భయపడ్డాను. ఇక్కడ రోజూ చస్తున్నాను కదరా. నీకు కనపడట్లేదా?"

భార్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకా వానలు పోలేదు, ఎగువన మళ్ళీ మబ్బు పడుతోందని వీధిలో అనుకుంటున్నారు. మేస్త్రికి అన్నీ తెలుసు. నీళ్ళు ఎటునుంచి వస్తాయో తెలుసు, ఎక్కడ ఆగుతాయో తెలుసు, మంచం మీద కూర్చున్న మనిషికి ఎంతవరకు వస్తాయో కూడా తెలుసు. మర్నాడు పొద్దున్నే కిందికి దిగి, తను పగలగొట్టిన కన్నం దగ్గర మాలు కలిపి, మొదటి ఇటుక పెట్టాడు. ఇటుక వంకర పోయింది. తీసి మళ్ళీ పెట్టాడు.

పైనుంచి అక్క గొంతు వినిపించింది. ఎన్నో రోజుల తర్వాత నవ్వుతున్న గొంతు.

"ఒరే తమ్ముడూ! ఎలాగూ కడుతున్నావు కదా, ఈసారి కాస్త పెద్దగా కట్టరా!"