ఐదు రంధ్రాల చక్రం

1968లో సింధనూరు దగ్గర పోతనాళలో మావారికి లేత్ షాపు ఉండేది. ఆయన ఇనుము తొలిచేవారు, నేను కొలతలు తీసి డ్రాయింగ్ గీసేదాన్ని. కాకినాడలో చదివిన బీయస్సీ లెక్కలు అలా అక్కరకొచ్చాయి. వెనక గదిలో ఆరు నెలల పాప ఉయ్యాల. నా చెవి ఒకటి ఎప్పుడూ అటే.

ఒక ఉదయం కాలవ కింద ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపు నుంచి సుబ్బయ్య గారు వచ్చారు. ఆయన పాత కారు చక్రాలు తుప్పు తిని పగిలిపోయాయి. అలాంటివి ఎక్కడా దొరక్క జీపు చక్రాలు నాలుగు తెచ్చారు.

"కోడలికి నెలలు నిండాయమ్మా. తొలి కాన్పప్పుడు ఎడ్లబండి సింధనూరు ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ పోయింది. ఈసారి కారు కదలాలి" అన్నారు.

చక్రాన్ని పట్టి ఉంచేవి ఇరుసు చివరనుండే హబ్ మీది స్టడ్లు, అంటే మరలున్న ఉక్కు కడ్డీలు. రెండు బళ్లకీ అవి ఐదేసే. కానీ కారు స్టడ్ల వలయం చిన్నది, జీపు చక్రం రంధ్రాల వలయం పెద్దది. మధ్యలో అడాప్టర్ ప్లేటు, అంటే ఆ రెండు వలయాలకూ కుదిరే మందపాటి ఉక్కు బిళ్ల, బిగించాలి.

మా మెకానిక్ మౌలా ఒక రంధ్రం నుంచి అవతలి రంధ్రానికి టేపు పెట్టి, అదే వలయం వ్యాసమనుకుని గుర్తులు పెట్టాడు. ఆ గుర్తుల మీదే మావారు ప్లేటు తొలిచారు. చక్రం ఎక్కలేదు.

"గిదేంది! నాలుగు రంధ్రాలదైతే గిట్లనే కొలుస్త గద" అన్నాడు మౌలా.

"ఐదింటిలో దేనికీ సరిగ్గా ఎదురుగా ఇంకో రంధ్రం ఉండదు భాయ్. నీ కొలత పావంగుళం తక్కువ" అన్నాను.

"కాలేజీ లెక్కతోని బండి నడుస్తదా అక్కా?" అని నవ్వాడు.

పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిచి, సైన్ పట్టిక చూసి వ్యాసం కట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. తప్పితే చక్రం ఊడేది నిండు చూలాలు కూర్చున్న బండికి. అట్ట మీద రెండు వలయాలూ గీసి, రంధ్రాలు కత్తిరించి, హబ్‌కీ చక్రానికీ ఆనించి చూశాకే మావారి చేతికిచ్చాను.

ఈసారి నాలుగు చక్రాలూ సాఫీగా ఎక్కాయి.

"బరాబర్ కూసున్నయక్కా! నీ అట్టముక్కనే అసలు ఉస్తాద్!" అని మౌలా అరిచాడు.

బరువు కోసం వడ్ల బస్తాలేసి పక్కూరు బాళగనూరు దాకా నడిపి చూద్దామన్నారు సుబ్బయ్య గారు. నేనూ ఎక్కాను.

"పిల్లని పెట్టుకుని నువ్వెందుకే?" అన్నారు మావారు.

"లెక్క నాదండీ. పాపని మీరు చూడండి."

దారిలో రెండుచోట్ల ఆపించి ప్రతి నట్టూ బిగించి చూశాను. ఒక్కటీ వదులు కాలేదు.

నాలుగో రోజు జోరువానలో ఆ కారు హారన్ మోగిస్తూ మా షాపు ముందు నుంచి సింధనూరు వైపు పోయింది. వారం తర్వాత అదే కారు మా గుమ్మం ముందు ఆగింది. వెనక సీటులో కోడలి ఒడిలో బిడ్డ.

"మనవరాలమ్మా! ఇద్దరూ క్షేమం" అన్నారు సుబ్బయ్య గారు.

ఎక్కడ తప్పు జరుగుతుందోనన్న నా భయాన్ని అందరూ వేళాకోళం చేసేవారు. లెక్క మూడోసారి చూడమన్నది ఆ భయమేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఐదు రంధ్రాల చక్రం వస్తే మౌలా టేపు ముట్టుకునేవాడు కాదు. వెనక గది వైపు తిరిగి, "అక్కా, అట్టముక్క!" అని కేకేసేవాడు.