ముల్లు చెప్పని తేమ

మా క్యూరేటర్ గారు పోయారని మొన్న తిరుపతి బస్టాండులో మ్యూజియం అటెండరు చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. అయ్యో అని కూడా అనలేకపోయాను. చెయ్యి పట్టి పని నేర్పింది ఆయనే, నన్ను నట్టేట ముంచిందీ ఆయనే.

మ్యూజియంలో తాటాకులు దాచే గది తలుపు తీయగానే లైటు వేయనిచ్చేవారు కాదు. "ముందు వాసన సూడప్పా" అనేవారు. ముక్కిపోయిన వాసన తగిలిందంటే లోపల తేమ చేరినట్టే. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా నా ముక్కు మొదట ఆ పనే చేస్తుంది. అది ఆయన పెట్టిన భిక్ష, కాదనను.

మా తాత రాసిన పశువైద్యం తాటాకుల్ని నాయన బంగారుపాళ్యం నుంచి తెచ్చి మ్యూజియానికి ఇచ్చింది ఆయన మాట నమ్మే. "మీ ఇంట్లో కంటే ఈడ భద్రంగా ఉంటాయి. తేమ కొలిచే మిషను వస్తా ఉండాది" అని నాయనకు మాటిచ్చారు.

ఏ మిషను తెప్పించాలా అని ఇద్దరం చాలా తర్జనభర్జన పడ్డాం. ఒకటి గోడ గడియారంలా ఉండి ముల్లు తిరిగేది. ఇంకొకటి తేమకు సాగే వెండ్రుకలతో పనిచేసేది, డబ్బాకు చుట్టిన కాగితం మీద గీత గీసుకుంటూ పోతుంది. వెండ్రుకల మిషను తిరుపతికి రాక యాడికి పోతాదని నవ్వారు.

"ముల్లు ఇప్పటి సంగతే చెప్తాది. మనం లేనప్పుడు ఏం జరిగిందో కాగితమే చెప్తాది. అదే తీసుకుందాం" అన్నారు.

తీరా కొనుగోళ్ల కమిటీ ముందు కూర్చున్నాక, ఆయనే ముల్లుదే చాలన్నారు. బయటికొచ్చాక నిలదీశాను.

"కాగితం ఉంటే రేపు మన మీదికే వస్తారప్పా. ముల్లుతో ఆ బాధ ల్యాదు" అంటూ భుజం తట్టారు. ఒళ్లు మండిపోయింది.

ఆ ఏడు తుపాను వానలకు తాటాకులు బూజు పట్టాయి. నేను కబురు పంపితే, వానలు వెలిసి ఎండ కాశాక నాయన వచ్చాడు. అప్పటికి మామూలు చోటికి దిగిపోయిన ముల్లును క్యూరేటర్ గారు చూపించారు.

"మా గది బాగుండాది. మీ ఆకులే ముందునుంచి చెడినట్టుండాయి."

"అబద్ధం సార్!" అన్నాను.

"రుజువు యాడుండాదప్పా?" అన్నారు, మెల్లగా.

నాయన కట్ట విప్పి, అతుక్కుపోయిన ఆకుల్ని గోటితో విడదీయబోయాడు. తాత చేతిరాత మధ్యకు విరిగింది. ఆ ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని, నాయన నా మొహంలోకి చూశాడు.