మా ఇంట్లో లేని వీణ

డిగ్రీ అయిపోగానే సిద్దిపేటలో ఒక బట్టల షాపులో సేల్స్ ఉద్యోగానికి రెజ్యూమె కావాల్సి వచ్చింది. కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయన ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేరు, ఊరు, మార్కులు మాత్రం మార్చి ప్రింటు తీసిచ్చాడు. మా కాలేజీలో అందరికీ ఆయనే దిక్కు. అందులో ఏముందో నేను చదవనైనా లేదు.

ఇంటర్వ్యూకి మా ఊరు మిరుదొడ్డి నుంచి అమ్మ తోడు వచ్చింది. మేనేజరు గారు 'హాబీలు' అన్నచోట వేలు పెట్టి, "వీణ వాయిస్తవా బిడ్డా?" అన్నారు. నేను వంగి ఆ లైను అప్పుడే మొదటిసారి చదివాను.

"పొద్దటిసంది నువ్వు అయిదోదానివి. మీరంత యాడ నేర్చుకున్నరు?"

తలుపు దగ్గర కూర్చున్న అమ్మ ఇక ఆగలేదు. "మా ఇంట్ల గిన్నెలు తప్ప ఏం మోగయ్ సారూ. ఇది అంగట్ల నాతోని కూరగాయలమ్ముతది. వచ్చిన గిరాకిని ఉత్త చేతులతోని పోనియ్యదు."

ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "మరి గది రాయకపోతివి," అంటూ కాగితం తిప్పి పెన్ను నా చేతికిచ్చారు. రాశాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఆ షాపులో కొత్తవాళ్ల రెజ్యూమెలు ముందుగా చూసేది నేనే. వీణ ఇంకా వస్తూనే ఉంది. నేనూ కాగితం తిప్పి, పెన్ను ఇస్తాను.